పెరిగింది రాష్ట్రమా, గనా? వృద్ధి రేటు వార్తని విప్పి చూసే పద్ధతి

మా బావ ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉంటాడు. ఉక్కు ఫ్యాక్టరీలో పని కోసం వాళ్ల నాన్న వెళ్లి అక్కడే ఉండిపోయారు, ఆ ఊళ్లో అలాంటి తెలుగు కుటుంబాలు బోలెడు. ఏటా బడ్జెట్ రోజులొచ్చాయంటే ఆయన మా ఫ్యామిలీ గ్రూపులో ఒక పేపర్ కటింగ్ పెడతాడు, ఛత్తీస్‌గఢ్ ఇంత శాతం పెరిగిందని. కింద "ఏం బామ్మర్దీ, మీరెక్కడ?" అని ఒక చురక. నేనుండేది గోదావరిఖనిలో, అంటే నాదీ బొగ్గు మీద బతికే ఊరే, కాబట్టి ఆయన మీద నవ్వే హక్కు నాకూ లేదు. ఈసారి జవాబు రాద్దామని కూర్చుంటే అది పెరిగి పెరిగి ఇలా తయారైంది. గనులో, చమురో, గ్యాసో ఎక్కువున్న ప్రాంతం "బ్రహ్మాండంగా పెరిగింది" అన్న వార్త కనబడితే అందులో ఎంత నిజమో ఇంట్లో కూర్చుని ఎలా తేల్చుకోవాలో చెప్తాను. ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు. ఫోన్లో కాలిక్యులేటర్, ఒక పూట ఓపిక ఉంటే చాలు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సింది మీ రాష్ట్రం వాళ్లు బడ్జెట్‌తో పాటు వేసే పుస్తకం. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని సామాజిక ఆర్థిక సర్వే అంటారు, తెలంగాణలో సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్. వేరే రాష్ట్రాలతో పోల్చాలంటే రిజర్వ్ బ్యాంకు రాష్ట్రాల గణాంకాలన్నీ కలిపి ఏటా ఒక హ్యాండ్‌బుక్ వేస్తుంది, అది ఉచితం. ఈ పుస్తకాల్లో మొదటి అధ్యాయం చదవకండి, అది పొగడ్తల అధ్యాయం. నేరుగా వెనకున్న అనుబంధ పట్టికలకి వెళ్లండి.

పట్టికలో గనుల వరస ఎక్కడుందో వెతకండి

రాష్ట్ర ఉత్పత్తిని రంగాలవారీగా విడదీసిన పట్టిక ఒకటుంటుంది. వ్యవసాయం, పశుపోషణ, చేపలు, ఆ తర్వాత "గనులు, క్వారీలు" అని ఒక వరస. కాస్త కిందికొస్తే తయారీ, కరెంటు, నిర్మాణం, వ్యాపారం ఇలా. ఇదే పట్టిక రెండుసార్లు ఉంటుంది, ఒకటి ఆ ఏటి ధరల్లో, ఇంకొకటి ఒక పాత సంవత్సరం ధరలు పట్టుకుని లెక్కేసింది. పేపర్లో వచ్చిన శాతం ఈ రెంటిలో దేన్నుంచి తీశారో ముందు చూడండి. ఆ ఏటి ధరల్లో చెప్తే ధరలు పెరిగిన భాగం కూడా అందులో కలిసి ఉంటుంది, అందుకే ఆ అంకె మామూలుగా లావుగా కనబడుతుంది, అందుకే నాయకులకి అదే ఇష్టం. ఇంకో మాట, బడ్జెట్ నాడు చెప్పేది ముందస్తు అంచనా. ఏడాది పూర్తికాకముందే వేసిన లెక్క. తర్వాత రెండు మూడేళ్ల పాటు అది మారుతూనే ఉంటుంది, మారినప్పుడు మాత్రం ఎవరూ ప్రెస్ మీట్ పెట్టరు.

ఇప్పుడు అసలు లెక్క. పేర్లేమీ వద్దు, ఊరికే ఒక రాష్ట్రం అనుకుందాం. మొత్తం ఉత్పత్తి 100 రూపాయలు. అందులో గనులు 25, మిగతావన్నీ కలిపి 75. ఈ ఏడు గనుల విలువ 30 శాతం పెరిగింది, అంటే ఏడున్నర రూపాయలు. మిగతా 75 రూపాయల పొలాలు, షాపులు, వర్క్‌షాపులు, ఆసుపత్రులు, ఆటోలు కలిపి 4 శాతం పెరిగాయి, అంటే 3 రూపాయలు. మొత్తం 110 రూపాయల 50 పైసలు. హెడ్‌లైన్: "10.5 శాతం వృద్ధి". కానీ ఆ రాష్ట్రంలో గనితో సంబంధం లేని మనిషి చూసింది 4 శాతమే.

మరుసటేడు గనుల విలువ 20 శాతం పడిపోయింది, 32.50 కాస్తా 26 అయింది. మిగతావి మళ్లీ అదే 4 శాతం పెరిగి 78 నుంచి 81.12కి వచ్చాయి. మొత్తం 107.12. ఇప్పుడు హెడ్‌లైన్: "కుప్పకూలిన రాష్ట్రం, మైనస్ 3 శాతం". చూశారుగా, టీ కొట్టు ఓనరుకి రెండేళ్లూ ఒకటే, పేపరుకి మాత్రం ఒక ఏడు పండగ, ఒక ఏడు చావు. కాబట్టి మీరు చెయ్యాల్సింది గనుల వరసని మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాని వృద్ధిని విడిగా లెక్కెయ్యడం. రెండేళ్లకి కాదు, కనీసం ఏడెనిమిదేళ్లకి వెయ్యండి. ఒక కాగితం మీద రెండు వరసలు, మొత్తం వృద్ధి, గనులు తీసేసిన వృద్ధి. పై వరస కోతిలా గెంతుతూ కింది వరస నిమ్మళంగా ఉంటే కథ సగం తెలిసిపోయినట్టే.

దక్షిణ అమెరికాలో గయానా అని చిన్న దేశముంది. 8 లక్షల జనం, అంటే మన దగ్గర ఒక మాదిరి నగరం. చెరుకు తోటల్లో పనికి తీసుకెళ్లిన భారతీయ కూలీల సంతతే అక్కడ పెద్ద వర్గం, అప్పట్లో మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2015లో సముద్రంలో చమురు పడింది, 2019 డిసెంబర్లో తీయడం మొదలైంది. 2022లో ఆ దేశం వృద్ధి 62 శాతం దాటింది. నమ్మలేం కదా. మెచ్చుకోవాల్సిందేంటంటే ఆ ప్రభుత్వమే తన లెక్కల్లో చమురు కాని ఆర్థిక వ్యవస్థ వృద్ధిని విడిగా చూపిస్తుంది, ఆ ఏడాదికి అది 11.5 శాతం. అదీ గొప్ప అంకే, కానీ 62 కాదు. మన రాష్ట్రాల పుస్తకాల్లో ఈ పని మనమే చేసుకోవాలి.

ఒక చిక్కుంది. గని అంతా "గనులు" అన్న వరసలోనే దాక్కుని ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలోనో ఒడిశాలోని అంగుల్‌లోనో బొగ్గు పక్కనే కరెంటు ప్లాంట్లుంటాయి, అవి కరెంటు వరసలో చేరతాయి. స్పాంజ్ ఐరన్, అల్యూమినియం తయారీలో చేరతాయి. ఖనిజం మోసే రైళ్లు, లారీలు రవాణాలో చేరతాయి. కాబట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ లాంటి చోట "తయారీ రంగం దూసుకుపోయింది" అంటే వెంటనే సంబరపడకుండా అది లోహాల తయారీయా, ఇంకేమైనానా అని అడగండి. గని మూతపడితే వారం తిరక్కుండా మూతపడేది గనిలో భాగమే, ఏ వరసలో రాసినా సరే.

టన్నులు పెరిగాయా, ధర పెరిగిందా

ఇది చిన్న పనే, కానీ చాలామంది చెయ్యరు. ఉత్పత్తి టన్నుల్లో ఎంతో విడిగా చూడండి. 2021 మే నెలలో అంతర్జాతీయ మార్కెట్లో ఇనుప ఖనిజం టన్ను 230 డాలర్ల దరిదాపుకి వెళ్లింది, అదే ఏడాది నవంబర్ నాటికి వంద డాలర్ల లోపుకి దిగింది. ఆరు నెలల్లో! ఆ గనిలో మనుషులు మారలేదు, యంత్రాలు మారలేదు, కొండ మారలేదు. అదే సమయంలో ఒడిశా గనుల రాబడి ఒక్క ఏడాదిలో 13 వేల కోట్ల పైచిలుకు నుంచి దాదాపు 50 వేల కోట్లకు చేరింది. ధర ఒక కారణం. 2020లో గనుల్ని వేలం వేసినప్పుడు కొన్ని కంపెనీలు సగటు అమ్మకం ధర మీద నూరు శాతం దాటి ప్రీమియం ఇస్తామని పాడుకోవడం ఇంకో కారణం. అంటే టన్నుల లెక్కలో అంత మార్పు లేకుండానే ఖజానా నిండింది. అది తప్పని కాదు, రాష్ట్రానికి రావాల్సిన డబ్బు వచ్చింది. కానీ దాన్ని "ఒడిశా ఆర్థిక వ్యవస్థ మూడు రెట్లైంది" అన్నట్టు చదివితే మాత్రం పొరపాటు.

మన దగ్గర మంగంపేట ముగ్గురాయి ఇలాంటిదే. ప్రపంచంలోనే ఒకేచోట ఉన్న అతి పెద్ద బెరైటీస్ నిక్షేపం అది. ఆ రాయి పొడి ఎక్కువగా పోయేది చమురు బావులు తవ్వేటప్పుడు వాడే డ్రిల్లింగ్ బురదలోకి. అంటే ఓబులవారిపల్లె దగ్గర పల్వరైజింగ్ మిల్లు తిరగాలా వద్దా అన్నది చాలావరకు ఎక్కడో గల్ఫ్‌లో ఎన్ని రిగ్గులు నడుస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. గోదావరి జిల్లాల రొయ్యకీ ఇదే సూత్రం పనికొస్తుంది, గని కాకపోయినా. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చెరువుల దగ్గర ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుంది కదా.

పుట్టిన చోటు వేరు, చేరిన చోటు వేరు

ఇక్కడ కొంచెం నిదానించండి, నా వాదన మొత్తం ఇక్కడే ఉంది.

రాష్ట్ర ఉత్పత్తి అంటే ఆ రాష్ట్రం హద్దుల్లోపల పుట్టిన విలువ. ఎవరి జేబులో పడిందన్నది ఆ లెక్కకి పట్టదు. దేశం మొత్తానికైతే విదేశాలకు పోయిన లాభం, విదేశాల నుంచి వచ్చిన ఆదాయం సర్దుబాటు చేసి ఇంకో అంకె ఇస్తారు. రాష్ట్రానికి అలాంటి సర్దుబాటు లేదు. కంపెనీ లాభం ముంబైకి పోయినా, ఢిల్లీకి పోయినా, కూలి డబ్బు వేరే రాష్ట్రం కూలీలు ఇంటికి పంపుకున్నా, అదంతా ఇక్కడి ఉత్పత్తే. దాన్ని జనాభాతో భాగించి "తలసరి ఆదాయం" అంటారు. ఆ పేరే సగం మోసం అని నా అభిప్రాయం. అది ఆదాయం కాదు, తలసరి పుట్టుక.

కాబట్టి ఒక టన్ను పట్టుకుని దాని వెనకాల నడవండి. టన్ను బొగ్గు అమ్మారు. దాంట్లో డీజిల్, పేలుడు మందు, యంత్రాల విడిభాగాలు బయటి నుంచి కొన్నవి, వాటి విలువ పుట్టింది వేరే చోట. మిగిలినదాంట్లో జీతాలు. ఆ జీతగాళ్లలో ఎంతమంది స్థానికులు? ఆ తర్వాత రాయల్టీ, బొగ్గు మీద ధరలో 14 శాతం, ఇది రాష్ట్ర ప్రభుత్వానికి. 2015లో చట్టం మార్చినప్పటి నుంచి జిల్లా ఖనిజ నిధి అని ఇంకొకటి, 2015 జనవరి 12కి ముందున్న లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం. ఇది గని ఉన్న జిల్లాకి రావాలి. ఆ పైన మిగిలే లాభం కంపెనీది, దాని వాటాదార్లది. జీఎస్టీ సంగతి ఇంకా విచిత్రం, అది సరుకు వాడిన రాష్ట్రానికి చేరుతుంది, తవ్విన రాష్ట్రానికి కాదు. బొగ్గు మీద టన్నుకి 400 రూపాయల చొప్పున ఏళ్ల తరబడి వసూలైన సెస్సూ తవ్విన జిల్లాకి రాలేదు, 2025 సెప్టెంబర్లో దాన్ని ఎత్తేశారు. అంతకుముందు చరిత్ర ఇంకా చేదు. 1950ల నుంచి 1990ల మొదటి దాకా రవాణా ఖర్చుల సమానీకరణ పేరుతో ఉక్కు, బొగ్గు లాంటివి దేశంలో ఎక్కడైనా ఒకే ధరకి అందేట్టు చేశారు, దాంతో గని పక్కన ఫ్యాక్టరీ పెట్టాల్సిన అవసరమే ఎవరికీ లేకపోయింది. బొగ్గు బీహార్‌ది, ఫ్యాక్టరీ ఇంకెక్కడో.

ఈ నడక అయ్యాక ఒక వాక్యం రాసుకోండి: "ఈ టన్నులో ఇక్కడ ఆగిన భాగం ఇంత." కచ్చితమైన అంకె రాకపోయినా ఫర్వాలేదు, సగమా, పదో వంతా అని అంచనా వచ్చినా చాలు. జిల్లా ఖనిజ నిధి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనేది జిల్లా కలెక్టరేట్ వివరాల్లో ఉంటుంది, ఒడిశాలో కెంఝర్ జిల్లాకి వచ్చినంత నిధి దేశంలో చాలా కొద్ది జిల్లాలకే వస్తుంది. వచ్చిందెంతో చూసి ఆగిపోకండి, దేని మీద పెట్టారో చూడండి.

ఇది మన దేశం రోగం మాత్రమే అనుకోకండి. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని ఉత్తరాన ఒక ప్రాంతం, 1959లో అక్కడ బ్రహ్మాండమైన గ్యాస్ నిక్షేపం దొరికింది. దశాబ్దాల పాటు యూరప్ ప్రాంతాల తలసరి ఉత్పత్తి పట్టికల్లో గ్రోనింగెన్ పైవరసల్లో ఉండేది. గ్యాస్ డబ్బేమో ఎక్కువగా హేగ్‌లోని ప్రభుత్వానికీ, కంపెనీలకీ పోయింది. గ్రోనింగెన్ వాళ్లకి మిగిలింది భూకంపాలు. గ్యాస్ తీసీ తీసీ నేల కుంగి, 2012లో హౌజింగే దగ్గర 3.6 తీవ్రతతో కదిలింది, వేల ఇళ్ల గోడలు బీటలిచ్చాయి. చివరికి 2023 అక్టోబర్లో గ్యాస్ తీయడం ఆపేశారు. బీటలిచ్చిన ఇంట్లో కూర్చున్నవాడికి "మీది యూరప్‌లోకెల్లా సంపన్న ప్రాంతం" అని పట్టిక చూపిస్తే ఎలా ఉంటుంది?

బాయి పెరిగింది, మనుషులు తగ్గారు

ఇది మా ఇంటి సంగతి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకి పైన కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు 40 వేలు, కాస్త అటూ ఇటూ. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎంతో ఎక్కువ, 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్టా పారలతో, బొగ్గెత్తిన రోజులు పోయి ఓపెన్ కాస్టులొచ్చాయి. ఓసీల్లో మట్టి తీసే పని, మేం ఓబీ అంటాం, చాలావరకు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. పర్మినెంట్ కార్మికుడి జీతానికీ కాంట్రాక్టు మనిషి కూలికీ మధ్య ఎంత తేడానో ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. 2024లో దసరా ముందు ప్రకటించిన లాభాల వాటా చూడండి. 33 శాతం లెక్కన 796 కోట్లు, పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకి, అదీ మొట్టమొదటిసారి, 5 వేలు. ఇద్దరూ ఒకే గనిలో పనిచేస్తారు. రాష్ట్ర ఉత్పత్తి పట్టికలో ఇద్దరి కష్టమూ ఒకే వరసలో పడుతుంది.

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని తెలంగాణ బతుకుని మూడు మాటల్లో చెప్పేవాళ్లు పెద్దలు. ఇందులో మొదటిది ఉత్పత్తి లెక్కలో కనబడుతుంది, మిగతా రెండూ కనబడవు, అయినా ఇల్లు గడిచింది మూడింటి మీదా. మీరు చెయ్యాల్సింది ఇది: గని ఉత్పత్తి పదేళ్లదీ, గనిలో ఉద్యోగుల సంఖ్య పదేళ్లదీ పక్కపక్కన పెట్టండి. ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతుంటే ఆ వృద్ధి శాతం మీ ఊరి కుర్రాడికి ఉద్యోగం తెచ్చే రకం కాదు. ఆ తర్వాత జాతీయ కార్మిక సర్వేలో, పీఎల్ఎఫ్ఎస్ అంటారు, మీ రాష్ట్రంలో నెలజీతం మీద బతికేవాళ్లు ఎంతమందో, సొంత పొలంలోనో ఇంటి పనిలోనో జీతం లేకుండా చేసేవాళ్లు ఎంతమందో చూడండి. నిరుద్యోగం తక్కువ అన్న అంకె చూసి మాత్రం మురిసిపోకండి, పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు, ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు.

వంటింటి వైపు నుంచి చూడండి

మా బావకి నేను పంపిన అసలు దెబ్బ ఇది. 2022-23లో ఇళ్ల ఖర్చుల మీద కేంద్రం పెద్ద సర్వే చేసింది. పల్లెల్లో ఒక మనిషి మీద నెలకి పెట్టే ఖర్చు దేశం సగటున 3,773 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 4,870, తెలంగాణలో 4,802. ఒడిశాలో 2,950, జార్ఖండ్‌లో 2,763, ఛత్తీస్‌గఢ్‌లో 2,466, రాష్ట్రాలన్నిట్లోకీ కింద. మరి బీహార్? 3,384.

ఇంకోసారి చదవండి. తలసరి ఉత్పత్తిలో ఛత్తీస్‌గఢ్, ఒడిశా రెండూ బీహార్‌కి రెట్టింపు పైమాటే. 2000 నవంబర్లో జార్ఖండ్ విడిపోయినప్పుడు గనులన్నీ అటు పోయి, బీహార్‌కి ఇసుక, వరదలు మిగిలాయని అప్పట్లో అందరూ జాలిపడ్డారు. అలాంటి బీహార్ పల్లెలో మనిషి నెలకి పెట్టే ఖర్చు, గనులున్న ఈ మూడు రాష్ట్రాల పల్లెల కంటే ఎక్కువ. రేషన్లో వచ్చే ఉచిత బియ్యం లాంటివాటికి ధర కట్టి కలిపినా ఛత్తీస్‌గఢ్ బీహార్ వెనకే ఉంది. ఎలా అంటే ఒక పెద్ద కారణం వలస. బీహార్ మనిషి సూరత్‌లోనో లూధియానాలోనో మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల పనుల్లోనో సంపాదించి ఇంటికి పంపుతాడు. అది బీహార్ ఉత్పత్తిలో రాదు, బీహార్ వంటింట్లో కనబడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో తవ్విన బొగ్గు ఆ రాష్ట్రం ఉత్పత్తిలో వస్తుంది, అక్కడి వంటింట్లో అంతగా కనబడదు.

ఇక్కడితో ఆపేస్తే నేను కూడా బావ చేసిన తప్పే చేసినట్టు. నీతి ఆయోగ్ వేసే బహుముఖ పేదరిక సూచీ ఉంది, చదువు, పోషణ, మరుగుదొడ్డి, వంట గ్యాస్, ఇల్లు లాంటివి కలిపి చూస్తుంది. 2019-21 లెక్కల ప్రకారం బీహార్‌లో 33.76 శాతం మంది పేదలు, ఛత్తీస్‌గఢ్‌లో 16.37, ఒడిశాలో 15.68, జార్ఖండ్‌లో 28.81. ఒడిశా ఐదేళ్ల కిందటి 29.34 నుంచి అక్కడికి దిగింది, చిన్న విషయం కాదు. అంటే ఈ కొలతలో గనులున్న మూడు రాష్ట్రాలూ బీహార్ కంటే నయం. కాబట్టి రెండూ చూడాల్సిందే. జేబులో డబ్బు ఒక కొలత, ప్రభుత్వం కట్టించిన బడి, వేయించిన రోడ్డు, ఇచ్చిన గ్యాస్ కనెక్షన్ ఇంకో కొలత. గని డబ్బు ఒక్కోసారి రెండోదాంట్లోకి చేరుతుంది, మొదటిదాంట్లోకి చేరదు. మీ జిల్లా విషయంలో ఏది ఎటు పోయిందో తేల్చుకోండి. జిల్లాస్థాయి వివరాలకి 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బాగా పనికొస్తుంది, పిల్లల ఎదుగుదల, ఆడవాళ్లలో రక్తహీనత అందులో దొరుకుతాయి. ఆ రెండింటి మీదా ఎవరూ ప్రచార పోస్టర్లు వెయ్యరు, అందుకే నాకు నమ్మకం ఎక్కువ.

పొలం అమ్ముకున్న డబ్బా, పంట డబ్బా

మూడెకరాలున్న రైతు ఒక ఎకరం అమ్మి, ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేసి, కారు కొని, "ఈ ఏడాది ఆదాయం బాగుంది" అంటే మనం ఏమంటాం? గనుల విషయంలో ప్రభుత్వ లెక్క మాత్రం సరిగ్గా అలాగే ఉంటుంది. స్థూల ఉత్పత్తి నుంచి యంత్రాల అరుగుదల తీసేస్తే నికర ఉత్పత్తి వస్తుంది. అరిగిన డంపర్‌కి లెక్కుంది, అరిగిపోయిన బొగ్గు పొరకి లేదు. ఐక్యరాజ్యసమితి 2025లో ఆమోదించిన కొత్త లెక్కల పద్ధతిలో ఈ తరుగుని కూడా నికర ఉత్పత్తి నుంచి తీసెయ్యాలని పెట్టారు, కానీ దేశాలన్నీ దాన్ని పట్టాలెక్కించేసరికి ఏళ్లు పడుతుంది. అందాకా మీరే అడగండి, ఈ గనికి ఇంకా ఎన్నేళ్ల సరుకుంది? ఇల్లందు వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న. సింగరేణి అన్న పేరే ఆ పక్క ఊరిది, 1871లో బొగ్గు ఆనవాలు పట్టింది ఆ చుట్టుపక్కలే, కంపెనీ అసలు బరువంతా ఎప్పుడో వేరే ఏరియాలకి వెళ్లిపోయింది.

అమ్మిన ఎకరం డబ్బుతో బోరు వేయించాడా, కారు కొన్నాడా అనేది రాష్ట్ర బడ్జెట్లో కనబడుతుంది. గనుల రాబడి మొత్తం సొంత రాబడిలో ఎంత వాటానో చూసి, ఆ డబ్బొచ్చిన ఏళ్లలో పెరిగింది జీతాలూ పథకాలా లేక సాగునీరు, రోడ్లు, కాలేజీలా అని పోల్చండి. కాగ్ ఏటా రాష్ట్రాల ఆర్థిక స్థితి మీద ఇచ్చే నివేదిక దీనికి మంచిది, భాష మాత్రం కాస్త ఎండుగా ఉంటుంది, టీ పక్కన పెట్టుకోండి. ఒడిశా ఈ విషయంలో మెచ్చుకోదగ్గ పని చేసింది, రాబడి ఎక్కువొచ్చిన ఏడాది కొంత పక్కన పెట్టడానికి బడ్జెట్ స్థిరీకరణ నిధి ఏర్పాటు చేసుకుంది. 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచి, రాయల్టీ పన్ను కాదు, ఖనిజ భూముల మీద రాష్ట్రాలు విడిగా పన్ను వేసుకోవచ్చు అని తీర్పిచ్చింది. కాబట్టి ముందుముందు కొన్ని రాష్ట్రాల ఖజానాలు ఇంకా ఉబ్బవచ్చు. ఈ ప్రశ్న అప్పుడు ఇంకా ఎక్కువ అడగాలి.

బజార్లో ఒక చుట్టు తిరిగి రండి

పట్టికలన్నీ అయ్యాక ఊళ్లోకి వెళ్లండి. మా దగ్గర లాభాల వాటా పడ్డ వారం బంగారం షాపుల్లో కాలు పెట్టే సందుండదు, దాన్ని చూసి ఊరి ఆరోగ్యం అంచనా వేస్తే దెబ్బతింటారు. పండగ కాని, బోనస్ లేని ఒక మామూలు మంగళవారం వెళ్లండి. ఖాళీ షట్టర్లకి "అద్దెకివ్వబడును" బోర్డులు ఎన్ని? కొత్తగా తెరిచినవి ఏ రకం షాపులు? టైర్లు, హైడ్రాలిక్ పైపులు, జేసీబీ రిపేర్లే ఉన్నాయా, లేక కుట్టుపని యూనిటో, ఫుడ్ ప్రాసెసింగో, ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే పని ఏదైనా ఉందా? ఇంటర్ అయిపోయిన పిల్లలు ఎటు పోతున్నారు? హైదరాబాద్ బస్సెక్కుతున్నారా? బ్యాంకు వివరాలూ ఒకసారి చూడండి, జిల్లావారీగా డిపాజిట్లు ఎంత, అప్పులు ఎంత అని రిజర్వ్ బ్యాంకు ఇస్తుంది. డిపాజిట్లు కుప్పలుగా ఉండి అప్పులు తక్కువుంటే, ఇక్కడ పుట్టిన డబ్బుకి ఇక్కడ పని దొరకట్లేదని అర్థం, అది ఇంకెక్కడో ఎవరి వ్యాపారానికో పెట్టుబడి అవుతోంది.

గని ఆగినప్పుడు ఏమైందో చరిత్ర ఉంటే అది అన్నిటికంటే మంచి పరీక్ష. బళ్లారిలో 2011 జులైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించింది. గోవాలో 2012 సెప్టెంబర్లో ఆగాయి, తర్వాత మొదలై, 2018 మార్చిలో మళ్లీ ఆగాయి. రెండుచోట్లా ముందు మునిగింది గని ఓనర్లు కాదు, అప్పు చేసి లారీ కొన్నవాళ్లు, గోవాలోనైతే లారీలతో పాటు ఖనిజం మోసే పడవలు, అంటే బార్జీలు కూడా. బళ్లారిలో ఆ లారీల వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. గోవాకి మాత్రం టూరిజం ఉంది, మందుల ఫ్యాక్టరీలున్నాయి, కాబట్టి గనుల తాలూకాలు విలవిల్లాడినా రాష్ట్రం నిలబడింది. గని ఆగిన రెండేళ్లలో కింది వరస, అదే మనం మొదట్లో రాసుకున్న "గనులు తీసేసిన వృద్ధి", నిలబడిందా, అదీ పడిపోయిందా అని చూడండి. పడిపోతే అది విడి ఆర్థిక వ్యవస్థే కాదు, గనికి వేలాడుతున్న గబ్బిలం.

ఇదంతా బావకి పంపాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "అంతా బాగుంది బామ్మర్దీ, మరి మీ రంగారెడ్డిని తీసేసి తెలంగాణ లెక్క ఒకసారి వేసి పంపు." నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నే, హైదరాబాద్‌ని ఆనుకున్న ఆ ఒక్క జిల్లా మా లెక్కలో గని లాంటిదే. ఆ పట్టిక తెరిచి కూర్చున్నాను.